సుసన్నత్త చెవుల కొరకు

మా సంఘానికి యాభై ఏళ్లు నిండుతున్నాయని ఒక పుస్తకం వేస్తున్నారు. సంఘంలోని పెద్దవాళ్ల గురించి తలా ఒక పేజీ రాయమని పాస్టరుగారు మా వయసువాళ్లకు పంచిపెట్టారు. నాకు సుసన్నత్త వచ్చింది. చీటీ తీస్తే వచ్చిందనుకునేరు, కాదు. "సుసన్నమ్మ గురించి నువ్వే రాయాలె కిరణ్" అని ఆయన నా మొహంలోకి చూసి మరీ ఇచ్చారు. ఎందుకిచ్చారో ఆయనకు తెలుసు, నాకు తెలుసు, ఇబ్రహీంపట్నంలో మా సంఘానికి వచ్చే నూట ఇరవై మందికీ తెలుసు.

ఇలాంటి పుస్తకాల్లో ఏం రాస్తారో నేను చూశాను. "ఆమె ప్రార్థనాపరురాలు, మృదుభాషి, అందరికీ మాదిరి." సుసన్నత్త ప్రార్థనాపరురాలే. మృదుభాషి మాత్రం కాదు. సండే స్కూల్లో పాట శ్రుతి తప్పితే ఎవరు తప్పారో కళ్లు మూసుకునే కనిపెట్టి, కళ్లు తెరవకుండానే నెత్తిమీద మొట్టేది. మా వరసలో ఎక్కువ మొట్టికాయలు తిన్నది నేనే. ఆమె నాకు రక్తసంబంధి కాదు. మా ఇల్లూ వాళ్లిల్లూ ఒకే గల్లీ, మా బాపు మత్తయి, ఆమె భర్త ఐలేష్ మామ ఇద్దరూ బస్సు డిపోలో పనిచేసినవాళ్లు. అందుకని అత్త.

ఆమెది ఇక్కడికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఒక పల్లె. పదో తరగతి పాసై, పెళ్లయి ఈ ఊరికొచ్చింది. బస్టాండు ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌లో పనికి కుదిరింది. ఇప్పటి పిల్లలకు బూత్ అంటే ఏంటో చెప్పాలి. ఇంట్లో ఫోను లేనివాళ్లు వచ్చి మాట్లాడుకునే అద్దాల గది అది. అప్పట్లో మార్కెట్లో సగం మంది తమ ఫోన్ నంబరని చుట్టాలకు ఇచ్చింది ఆ బూత్ నంబరే. ఎవరికైనా ఫోనొస్తే సుసన్నత్త గడప దాటి వచ్చి ఒక కేక పెట్టేది. సాగర్ రోడ్డు మీద లారీలు పోతున్నా ఆ కేక అవతలి వరస దుకాణాలకు చేరేది. ఒకసారి విన్న గొంతు మర్చిపోయేది కాదు. పదేళ్ల తర్వాత ఫోన్ చేసినా, "హలో" అనగానే పేరు పెట్టి పలకరించేది.

సెల్‌ఫోన్లొచ్చి బూత్ మూతపడ్డాక, సాగర్ రోడ్డు మీదే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటర్‌గా చేరింది. ఇరవై ఏళ్లు అదే కుర్చీ. ఆమెకు ఒక పట్టింపు ఉండేది. ఫోన్ మూడో రింగు దాకా పోనిచ్చేది కాదు. "చేసెటోడు ఏ ఫికర్ల చేస్తున్నడో మనకేం ఎర్క? దవాఖానకు ఊకెనే ఎవడన్న ఫోన్ చేస్తడా?" అనేది. అన్నం తింటుంటే రింగొస్తే ఎడమచేత్తో ఎత్తేది. ఆ కుర్చీ పోగొట్టింది నేను. అందుకే పాస్టరుగారు ఈ పేజీ నాకిచ్చారు.

నా పని గురించి కూడా కొంచెం చెప్పాలి, లేకపోతే నేనేం చేశానో అర్థం కాదు. డిప్లొమా చేసి, మీర్‌పేట్‌లో నలుగురం పనిచేసే ఒక చిన్న కంపెనీలో చేరాను. ఆఫీసుల్లో, కాలేజీల్లో నెట్‌వర్క్ స్విచ్‌లు పెట్టడం మా పని. స్విచ్ అంటే లైటు వేసేది కాదు, పాతిక వైర్లు గుచ్చుకుని ఉండే ఒక పొడుగాటి పెట్టె. ఆఫీసులోని కంప్యూటర్లు, కెమెరాలు, ఫోన్లు అన్నీ దాని గుండానే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. రద్దీ లేనంతసేపూ దేనికీ బాధ లేదు. రద్దీ పెరిగితే ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది ఎవరో ఒకరు తేల్చాలి. బిల్లు కాగితం రెండు సెకన్లు ఆలస్యమైతే కొంపలేం మునగవు, కానీ ఫోన్లో మాట అర సెకను ఆగినా ముక్కలైపోతుంది. అందుకని పోయే సరుకు ఏ రకమో గుర్తుపట్టి, దాని మీద ఒక గుర్తు వేసి, ఈ గుర్తున్నదాన్ని ముందు పంపు అని స్విచ్‌కు చెప్పి పెడతాం. రిజర్వేషన్ ఉన్నవాళ్లను బస్సులోకి ముందు ఎక్కించినట్టు.

నిరుడు ఆ ఆసుపత్రిలో పాత ఫోన్లు తీసేసి, నెట్‌వర్క్ మీద నడిచే కొత్త ఫోన్లు పెట్టారు. పని మా కంపెనీకి వచ్చింది. నేనే పోయాను. సుసన్నత్త సంబరం చూడాలి. వచ్చిన ప్రతి నర్సుకూ, "మా మత్తయన్న కొడుకు, గీ ఫోన్లన్ని గీయనే పెడ్తున్నడు" అని చూపించింది. మూడు రోజులు నాకు డబ్బాలో అన్నం తెచ్చింది.

మూడోనాడు పొద్దున ఏడింటికి, రోగులు రాకముందే పరీక్ష చేశాను. మా పనివాళ్లందరం పరీక్ష చేసేది ఒక్క తీరుగానే. ఒక గదిలోంచి ఇంకో గదికి ఫోన్ చేసి, "హలో, ఇనవడ్తుందా?" అని అడుగుతాం. వినపడితే సంతకం పెట్టించుకుని వెళ్లిపోతాం. ఆ రోజు అన్ని గదుల నుంచీ మాట గాజులా వినపడింది. "పక్కన కూసొని మాట్లాడినట్టే ఉంది కొడుకా" అంది సుసన్నత్త. నేను బండెక్కి వచ్చేశాను.

మూడు వారాల తర్వాత మొదలైంది. పొద్దున పదకొండు ప్రాంతంలో కొత్త బ్లాకులోని డాక్టర్లు రిసెప్షన్‌కు ఫోన్ చేస్తే రింగు పోతూనే ఉంటోంది, ఎత్తడం లేదు. బయటివాళ్లు చేసినా అంతే. ఒకరోజు ఒక మనిషి నేరుగా రిసెప్షన్‌కే వచ్చి, భార్యను తీసుకురావాలా వద్దా అని అడగడానికి మూడుసార్లు ఫోన్ చేశానని, కుర్చీలో కూర్చుని నిద్రపోతున్నావా అని అందరి ముందూ సుసన్నత్త మీద అరిచాడట. "రింగ్ రాలేదు నాయనా" అందట ఆమె. ఎవరు నమ్ముతారు? అతని చెవిలో మూడుసార్లూ రింగు మోగింది కదా.

ఆమె నాకు ఫోన్ చేసింది. మీర్‌పేట్‌లో కూర్చునే లాప్‌టాప్‌లో చూశాను. అన్ని లైట్లూ పచ్చగా ఉన్నాయి. అంతా మంచిగనే ఉందత్తా అన్నాను. నాలుగు రోజులకు మళ్లీ చేసింది. ఈసారి పోయాను, కానీ సాయంత్రం నాలుగింటికి పోయాను. నా సెల్‌ఫోన్ నుంచి రిసెప్షన్‌కు చేస్తే ఠక్కున మోగింది.

"మోగుతుంది కద అత్తా?"

"ఇప్పుడు కాదు బిడ్డా. పదకొండు గొట్టంగ రా. నా పక్కన ఒక్క పది నిమిషాలు కూసో. నీకే ఎర్కైతది."

సరే అన్నాను. పోలేదు. వారం తర్వాత మూడోసారి ఫోన్ చేసింది. అదే మాట, పదకొండుకు వచ్చి పక్కన కూర్చోమని. చూస్తాలే అన్నాను. అప్పుడు తుక్కుగూడలో ఒక గోదాము పని మాట్లాడుకుంటున్నాం, తీరిక లేదనుకున్నాను. తీరిక లేకపోవడం ఒక సాకు. అసలు సంగతి ఏంటంటే, నాకు విసుగొచ్చింది. పాత ఫోన్లకు అలవాటుపడ్డవాళ్లు కొత్తవి పెడితే ఏదో ఒకటి అంటారు. పెట్టె బాగుంటే తప్పు మనిషిదే అని మా పనిలో అందరికీ ఒక నమ్మకం. నాకు మరీ ఎక్కువ.

ఆ తర్వాత మేనేజర్ దివాకర్ సార్ నన్ను పిలిపించారు. ఆయన గదిలో ఇద్దరు డాక్టర్లు, హెడ్ నర్సు, ల్యాబ్ వాళ్లు, మొత్తం ఎనిమిది మంది కుర్చీల్లో ఉన్నారు. సుసన్నత్త నిలబడి ఉంది. దివాకర్ సార్ చేతిలో, ఫోన్లన్నిటినీ నడిపే సర్వర్ కంప్యూటర్ నుంచి తీసిన కాగితం. రోజూ పదకొండు దాటాక వరసగా "జవాబు లేదు, జవాబు లేదు" అని ఉంది.

"ఏంది కిరణ్, తప్పు మిషన్లనా, మనిషిలనా?" అని అడిగారు.

"నెట్‌వర్క్ మంచిగున్నది సార్. మాట క్లియర్ గున్నది. రింగ్ పోతున్నది. ఎత్తుతలేరు" అన్నాను.

"రింగ్ వస్తలేదు సార్" అంది సుసన్నత్త.

అక్కడితో ఆగినా బాగుండేది. నేను ఆగలేదు. ఆమె నిర్లక్ష్యంగా ఉంటుందని వాళ్లు అనుకోకూడదని, నాకు తోచిన సాయం చేశాను. "వయసైంది కద సార్. కొత్త ఫోన్ల రింగ్ సన్నగుంటది. ఇనవడకపోవచ్చు" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నేను ఆమెను కాపాడుతున్నాననే అనుకున్నాను. మా సంఘంలో అందరి శ్రుతీ చూసే చెవులను, నా పాట సరిదిద్దిన చెవులను, ఎనిమిది మంది ముందు నేను చెవిటివని తేల్చేశాను.

ఆమె నావైపు తిరిగింది. "గట్లనా కిరణ్?" అంది. అంతే. కోపం లేదు. నిజంగానే అడిగింది. ఈ మిషన్ల సంగతి చదువుకున్నవాణ్ణి నేను కదా, నేను చెప్తే నిజమే అయి ఉంటుందని అనుకుంది.

ఆ వారమే ఐలేష్ మామ ఆమెను సిటీకి తీసుకుపోయి చెవులు చూపించాడు. వయసుకు కొంచెం తగ్గి ఉంటుంది అన్నారట, మిషన్ పెట్టుకుంటే మంచిదన్నారట. చెవి మిషన్ వచ్చింది. అది పెట్టుకుంటే ఫ్యాను చప్పుడు కూడా రైలు పోయినట్టు ఉంటోందని మామతో చెప్పుకుందట. అయినా పెట్టుకుంది.

ఆదివారం ఆరాధనలో పాట ఎత్తలేదు. మా దగ్గర కీబోర్డు ఉంది కానీ వాయించేవాడు ఉంటే ఉంటాడు, లేకపోతే లేదు. సుసన్నత్త ఎత్తితేనే పాట. ఆ రోజు పాస్టరుగారు ఆమెవైపు చూశారు. ఆమె తల అడ్డంగా ఊపింది. "శ్రుతి తప్పుతున్ననో ఏమో, నాకు ఎర్కైతలేదు అయ్యగారూ. ఎవరన్న పిల్లల్ని ఎత్తమనుండ్రి" అంది. ఎవరో ఎత్తారు. రెండో చరణానికి ఆడవాళ్లు ఒకదారి, మగవాళ్లు ఒకదారి అయ్యారు.

మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరికే బాధ ఉన్నా ఒక చీటీ రాసి ఇస్తే, పాస్టరుగారు అవన్నీ చదువుతారు, ఒక్కొక్కదానికీ అందరం కలిసి ప్రార్థిస్తాం. ఉద్యోగం కొరకు, పరీక్షల కొరకు, మోకాళ్ల నొప్పుల కొరకు. ఆ ఆదివారం నుంచి ఆ చీటీల్లో ఒకటి చేరింది. "సుసన్నమ్మగారి చెవుల కొరకు." నూట ఇరవై మందిమి ఆమెన్ అన్నాం. నేను కూడా అన్నాను. అప్పటికి మనస్ఫూర్తిగానే అన్నాను, ఎందుకంటే అప్పటికి నాకు తెలియదు.

ఆ వచ్చే శుక్రవారం తెలిసింది. తుక్కుగూడ గోదాములో నేను ఎప్పటిలాగే పాత పనిలోంచి, అంటే ఆసుపత్రికి రాసిన సెట్టింగుల్లోంచి, లైన్లు కాపీ చేసి కొత్త స్విచ్‌లో అతికిస్తున్నాను. వాళ్ల నెట్‌వర్క్ చూసుకునే ఆవిడ పేరు అరుణ. నా వెనక నిలబడి స్క్రీన్ చూస్తోంది.

"మాటకు గుర్తు ఏసినవ్. సిగ్నలింగ్ ఏది?" అంది.

"వాయిస్ పెట్టిన కద మేడం."

"వాయిస్ వేరే, సిగ్నలింగ్ వేరే. మాట పోయేదానికంటె ముందు, ఫలానా నంబర్ల రింగ్ కొట్టు అని ఒక కబురు పోవాలె కద? గా కబురుకు గుర్తే లేదు. రద్దీల గది పడిపోతే రింగే రాదు. రింగే రాకపోతే నువ్వు మాటను ఎంత ముందల పంపితే ఏం లాభం?"

ఆసుపత్రిలో నేను పెట్టినవీ ఇవే లైన్లు. ఆసుపత్రిలో ఫోన్ల సర్వర్, స్కాన్ మిషన్లు ఉన్నది కొత్త బ్లాకులో. రిసెప్షన్ ఉన్నది పాత బ్లాకులో. స్కాన్ ఫొటోలు దాచే కంప్యూటర్ కూడా పాత బ్లాకులోనే. రెండింటి మధ్య ఒకటే కేబుల్. ఆ స్కాన్ మిషన్లు నడవడం మొదలైంది నేను ఫోన్లు పెట్టి వచ్చేసిన మూడు వారాలకు. పొద్దున్న తీసిన స్కాన్లన్నీ పదకొండింటికి ఒక్కసారిగా ఆ కేబుల్ మీద పడతాయి. మాట అనే సరుకుకు నేను ముందు వరస ఇచ్చాను. రింగు కొట్టమనే కబురును మాత్రం ఆ స్కాన్ ఫొటోల గుంపులో వదిలేశాను. ఆ కబురు ఆమె ఫోను దాకా చేరేదే కాదు. చేసినవాళ్ల చెవిలో వినిపించే రింగు సర్వర్ దగ్గరే తయారవుతుంది, అది ఆమె ఫోను మోగిందనడానికి సాక్ష్యం కానే కాదు. ఖాళీ ఆసుపత్రిలో పొద్దున ఏడింటికి నేను చేసిన పరీక్షలో ఇదెక్కడ తేలుతుంది? పదకొండుకు పది నిమిషాలు పక్కన కూర్చుంటే తేలేది. ఆమె మూడుసార్లు చెప్పింది.

శనివారం సాయంత్రం ఇంట్లో కూర్చుని లాప్‌టాప్‌లోంచి సరిచేశాను. ఎనిమిది లైన్లు. చాయ్ చల్లారకముందే అయిపోయింది. ఎవరికీ చెప్పలేదు. ఇంక రింగులొస్తాయి, ఫిర్యాదులు ఆగుతాయి, ఆమె కుర్చీ ఆమెకుంటుంది, ఎవరి పరువూ పోదు అనుకున్నాను. ముఖ్యంగా నా పరువు.

సోమవారం ఆ కుర్చీలో మనోజ అని కొత్తమ్మాయి కూర్చుంది. సుసన్నత్తను పాత ఫైళ్ల గదికి మార్చారు. మార్చబోతున్నారని నాకు తెలియదని అందరికీ చెప్పాను. సగం అబద్ధం. ఒకటో తారీఖు నుంచి ఇంకొకరిని పెడతామని ఆమెను నిలబెట్టి అడిగిన రోజే దివాకర్ సార్ నా ముందు అన్నారు. నేను వినిపించుకోలేదు.

మనోజ కూర్చున్న రోజు నుంచి ఒక్క ఫిర్యాదు లేదు. వారం తర్వాత దివాకర్ సార్ స్వయంగా ఫోన్ చేశారు. "నువ్వు చెప్పిందే కరెక్ట్ కిరణ్. మనిషిని మార్చినం, మొత్తం సెట్టయింది. పాపం ఆమెకు నిజంగనే ఇనవడ్తలేదు" అన్నారు. నేను చాటుగా చేసిన మరమ్మతు ఆమె చెవుడుకు రుజువైపోయింది. అప్పుడైనా చెప్పొచ్చు. "థాంక్యూ సార్" అన్నాను.

అప్పట్నుంచి ఆమెకు ఎదురుపడకుండా తిరిగాను. ఆమె గల్లీలో పొద్దున నీళ్లు పట్టే టైమ్‌కు నేను బండి బయటికి తీయడం మానేశాను. ఆదివారం మాత్రం తప్పించుకోలేను, బాపు ఊరుకోడు. చివరి బెంచీలో కూర్చునేవాణ్ణి. చీటీలు చదువుతారు. "సుసన్నమ్మగారి చెవుల కొరకు." అందరూ ఆమెన్ అంటారు. నేను పెదవులు మాత్రం కదిపేవాణ్ణి. మూడో ఆదివారం పాస్టరుగారు తలెత్తి చూసి, "కిరణ్, వెనక కూర్చున్నావేం? సుసన్నమ్మ నీకు పాటలు నేర్పిన మనిషి. ఇవాళ ఆమె కోసం నువ్వే ప్రార్థన చెయ్యి నాయనా" అన్నారు.

లేచి నిలబడ్డాను. ముందు వరసలో సుసన్నత్త తల మీద కొంగు కప్పుకుని, చెవి మిషన్ తీసి ఒళ్లో పెట్టుకుని, చేతులు జోడించింది. మిషన్‌లో ఫ్యాన్ల హోరుకు నా ప్రార్థన వినపడదని తీసేసిందని తర్వాత తెలిసింది. నేను ప్రార్థన చేశాను. చక్కగా, పెద్దవాళ్లు చేసినట్టు, తడబడకుండా చేశాను. "ప్రభువా, నీ దాసురాలి చెవులను ముట్టుము" అన్నాను. అవి నిక్షేపంగా ఉన్నాయని తెలిసి అన్నాను. నూట ఇరవై మంది ఆమెన్ అన్నారు. నా జన్మలో నాకు అంత అసహ్యం నా మీద ఎప్పుడూ కలగలేదు. బయటికొచ్చాక ఆమె నా తల నిమిరి, "మస్తు మంచిగ చేసినవ్ కొడుకా" అంది.

మరుసటి ఆదివారం సాక్ష్యాల సమయంలో సుసన్నత్త లేచి నిలబడింది. దేవుడు తమకు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పే సమయం అది. ఆమె చెవికి మిషన్ లేదు.

"దేవునికి స్తోత్రం. పోయిన ఐతారం కిరణ్ నా కోసం ప్రార్థన చేసిండు. బేస్తారం నాడు మిషన్ పక్కకు పెట్టి చూసిన. మూడిండ్ల అవతల కుక్కర్ సీటీ ఇనవడ్డది. గల్లీ మొదట్ల ఎవలు మాట్లాడుతున్నరో గొంతు గుర్తువట్టిన. నా చెవులు మంచిగైనయి. గా పిలగాని ప్రార్థన దేవుడు ఆలకించిండు. రేపు దవాఖానకు పోయి నా సీటు నాకు ఇయ్యమని అడుగుత. ఇయ్యకపోతే మానె."

చప్పట్లు కొట్టారు. అందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. మా బాపు మొహం వెలిగిపోతోంది. ఆ వెలుగు చూసే నేను లేచానేమో, తెలియదు. ముందు బెంచీ పట్టుకున్నాను.

"నీ చెవులకు ఎన్నడు ఏం కాలేదత్తా" అన్నాను. "తప్పు నాది. నీ ఫోన్‌కు రింగ్ రాకుండ నేనే చేసిన. ఎర్కలేక చేసిన. ఎర్కైనంక మూడు వారాలు దాచిపెట్టిన. పోయిన ఐతారం ప్రార్థన చేసినప్పుడు గూడ నాకు ఎర్కనే."

పాస్టరుగారు చేతిలోని బైబిల్ మూశారు. సుసన్నత్త నిలబడే ఉంది. ఆమె మొహం నేను చూడలేకపోయాను. నా కళ్లకు నేను పట్టుకున్న బెంచీ చెక్క మాత్రమే కనిపించింది.

"పదకొండు గొట్టంగ రమ్మన్న కద కిరణ్" అంది. "మూడుసార్లు చెప్పిన."

కూర్చుంది. ఆ రోజు కూడా పాట ఎత్తలేదు.

ఇంటి గడప దగ్గర చెప్పులు విడుస్తూ, బాపు నావైపు చూడకుండా అడిగాడు. "ఎర్క ఉండి ప్రార్థన ఎట్ల చేసినవ్ రా?"

సోమవారం పొద్దున దివాకర్ సార్ గదికి పోయాను. సుసన్నత్త అప్పటికే అక్కడ ఉంది. జరిగింది చెప్పాను. ఆయన కొంచెం విసుక్కుని, "అయిందేదో అయింది. ఇప్పుడైతే మంచిగనే నడుస్తుంది కద" అన్నారు.

"గట్ల కాదు సార్" అంది సుసన్నత్త. "గా దినం గీ రూముల ఎవలెవలు ఉన్నరో గందర్ని పిలువుండ్రి. నన్ను నిలవెట్టి అడిగిన్రు కద. గందరి ముందట చెప్పాలె."

పిలిచారు. ఎనిమిది మందీ వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. సుసన్నత్తకు కూడా కుర్చీ వేశారు. ఆమె నిలబడ్డ చోటే నేను నిలబడ్డాను. స్విచ్, గుర్తు, వరస, కబురు అంటూ ఏదో వివరించబోతే ఒక డాక్టర్ ఆపి, "సంక్షిప్తంగా చెప్పు, తప్పెవరిది?" అన్నాడు. "నాది" అన్నాను. "ఆమెకు చెవుడని అన్నది?" "అది కూడా నేనే సార్." చెప్పడానికి పట్టింది అర నిమిషం. ఆ అర నిమిషం తప్పించుకోవడానికి నేను మూడు వారాలు దొంగలా తిరిగాను. మా కంపెనీ ఓనర్ ఆ సాయంత్రం నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆ ఆసుపత్రి పనికి ఇంక నన్ను పంపనన్నాడు. అవన్నీ పడాల్సినవే.

మనోజ మంచి పిల్ల, ల్యాబ్ పని నేర్చుకోవాలని దాని కోరిక. "మీ సీట్ల మీరే కూసోండ్రి మేడం" అని హెడ్‌సెట్ తీసి ఇచ్చింది. బుధవారానికి సుసన్నత్త తన కుర్చీలోకి వచ్చింది.

గురువారం పొద్దున పదింటికి నా సెల్ మోగింది. ఆసుపత్రి నంబరు. "పదకొండు గొట్టంగ రా" అంది. పని వదిలేసి మీర్‌పేట్ నుంచి బండి మీద వచ్చాను.

తన పక్కన ప్లాస్టిక్ కుర్చీ ముందే వేసి పెట్టింది. కూర్చున్నాను. గోడ మీద గడియారం పదకొండు దాటింది. కొత్త బ్లాకులోంచి స్కాన్ ఫొటోలు కేబుల్ నిండా పోయే వేళ అది. ఫోన్ మోగింది.

ఆమె ఎత్తలేదు. రెండో రింగు వచ్చింది. మూడోది వచ్చింది. ఇరవై ఏళ్లలో ఆ మనిషి మూడో రింగు పోనివ్వడం అదే మొదటిసారి అనుకుంటాను. చెయ్యి రిసీవర్ మీద పెట్టి, తల తిప్పి సూటిగా నా కళ్లలోకి చూసింది.

"ఇనవడ్తుందా?" అని అడిగింది.

"అవ్ అత్తా. ఇనవడ్తుంది."

అప్పుడు ఎత్తింది.